కుర్చీ లేని ఉద్యోగి చూసిన మున్సిపాలిటీ

మున్సిపల్ ఆఫీసుకు పని మీద వెళ్లేవాళ్లకు కనిపించేది కౌంటరు వరకే. ఇంటి పన్ను, జనన ధ్రువపత్రం, కొళాయి కనెక్షన్. పనైతే సరి, కాకపోతే 'సార్ క్యాంపులో ఉన్నారు, సోమవారం రండి'. కౌంటరుకు అవతల ఇరవై ఏళ్లుగా కూర్చున్న ఉద్యోగికి ఆ ఆఫీసులో వింతగా తోచేదంటూ ఏమీ మిగిలి ఉండదు. ఈ ఇద్దరి కోవకూ చెందని మూడో మనిషి కొన్నేళ్లుగా ఆ గదుల్లో తిరుగుతున్నారు. ఆ మనిషే ఇంటర్న్. సంతకం చేసే అధికారం లేదు, చాలాచోట్ల కూర్చోవడానికి సొంత కుర్చీ కూడా లేదు. అయితే ఫైళ్లు చూడొచ్చు, తనిఖీలకు వెంట వెళ్లొచ్చు, 'ఇది ఇలాగే ఎందుకు చేస్తారు సార్?' అని అడిగినా ఎవరూ తప్పు పట్టరు.

ఈ దారి తెరిచినవి ముఖ్యంగా రెండు నిర్ణయాలు. కొత్త ఇంజనీర్లకు పట్టణ స్థానిక సంస్థల్లో ఏడాది వరకు ఇంటర్న్‌షిప్ ఇస్తామని 2020-21 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ప్రకటించారు. ఆ మాట ప్రకారం కేంద్ర గృహ నిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ, అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) కలిసి 2020 జూన్ 4న 'ట్యులిప్' కార్యక్రమాన్ని మొదలుపెట్టాయి. దేశంలోని దాదాపు 4,400 పట్టణ స్థానిక సంస్థలు, స్మార్ట్ సిటీలు దీని పరిధిలోకి వస్తాయి. చదువు పూర్తయి ఏడాదిన్నర దాటని పట్టభద్రులు 8 వారాల నుంచి ఏడాది దాకా అక్కడ పనిచేయవచ్చు. రెండో నిర్ణయం ఆంధ్రప్రదేశ్‌ది. డిగ్రీ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను ఆ రాష్ట్రం తప్పనిసరి చేసింది. అందులో భాగమైన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కోసం విద్యార్థులు ఏదో ఒక ఊరిని ఎంచుకుని ఇంటింటికీ తిరగాలి. అలా తిరిగేవాళ్లకు గ్రామ లేదా వార్డు సచివాలయం గడప తొక్కక తప్పదు.

ప్రైవేటు కంపెనీలో ఇంటర్న్‌షిప్ అంటే ఏం నేర్చుకుంటారో అందరికీ ఒక అంచనా ఉంది. మున్సిపాలిటీలో ఏం నేర్చుకుంటారని అడిగితే మాత్రం 'ఏముంది, జిరాక్సులు తీయించుకుంటారు' అనే జవాబే వస్తుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ జిరాక్సు మెషిన్ పక్కన నిలబడినవాళ్లకు ఆఫీసు మొత్తం కనిపిస్తుంది.

పిలుపులు, కుర్చీలు

మొదట గమనింపుకొచ్చేది పిలుపు. అక్కడ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. ఆర్‌ఐ గారు, టీపీఓ గారు, డీఈ గారు, మేనేజర్ గారు. మనిషి బదిలీ అయి వెళ్లిపోయినా పిలుపు ఆ సీటులోనే ఉండిపోతుంది. సీటు అంటే కుర్చీ అనుకునే కొత్తవాళ్లకు అక్కడ సీటు అంటే ఒక గుమాస్తా చూసే పని మొత్తం అని తెలియడానికి కొంత సమయం పడుతుంది. ఫైలు నంబరు చివర ఉండే ఏ1, సీ2 లాంటి గుర్తులు ఆ సీట్లవే. ఇంటర్న్‌కు హోదా లేదు కాబట్టి 'బాబూ', 'అమ్మాయ్', 'తమ్ముడూ' అనే పిలుపులే దక్కుతాయి.

కమిషనర్ ఛాంబర్లో ఎదుటి కుర్చీలో ఎవరు కూర్చోవచ్చు, ఎవరు నిలబడి ఫైలు వివరించాలి అన్నది ఏ రూల్సు పుస్తకంలోనూ ఉండదు. అయినా ఎవరూ పొరపాటు పడరు. తువ్వాలు వేసిన కుర్చీ ఎవరిదో అడగక్కర్లేదు. కౌన్సిలర్ లోపలికి రాగానే ఎవరు లేస్తారు, కాంట్రాక్టర్ వస్తే ఎవరు టీ చెప్తారు అన్నవి చూస్తే చాలు, ఆఫీసులో ఎవరి మాట చెల్లుతుందో గోడ మీది హోదాల బోర్డు కంటే బాగా అర్థమవుతుంది.

హోదా పైకి వెళ్తున్నకొద్దీ అధికారం పెరుగుతుంది. ఊరి గురించిన సమాచారం మాత్రం కిందికి దిగుతున్నకొద్దీ పెరుగుతుంది. ఇంజనీరింగ్ విభాగంలో చేరిన ఇంటర్న్‌కు తాగునీటి పైపులైన్ల మ్యాపు గీయమని పని చెప్తే ఈ సంగతి మొదటి రోజే తెలుస్తుంది. బీరువాలోంచి తీసిన పాత డ్రాయింగులో సగం కాలనీలు ఉండవు. ఏ వీధి మలుపులో వాల్వు ఉంది, ఏ లైను మీద తర్వాత రోడ్డు వేశారు, ఏ ట్యాంకు నీళ్లు ఏ పేటకు ఎన్ని గంటలకు వదులుతారు అనేవన్నీ తెలిసిన మనిషి టర్న్‌కాక్. చేతిలో పొడవాటి టీ తాళం పట్టుకుని పొద్దున్నే సైకిల్ మీదో మోపెడ్ మీదో తిరుగుతూ వాల్వులు తిప్పే ఉద్యోగి ఆయన. ఇంటర్న్ ఆయన వెనక బండెక్కి తిరిగితేనే మ్యాపు తయారవుతుంది. ఆయన రిటైరైతే, ఈలోగా ఎవరూ రాసిపెట్టుకోకపోతే, లీకేజీ వచ్చిన ప్రతిసారీ రోడ్డు రెండు మూడు చోట్ల తవ్వి చూడాల్సిందే. పన్నుల విభాగంలో బిల్ కలెక్టర్ సంగతీ ఇంతే. ఏ అసెస్‌మెంట్ నంబరు మీద అన్నదమ్ముల తగాదా నడుస్తోందో, ఏ ఇంటి మీద రెండో అంతస్తు లేచినా లెక్కలోకి రాలేదో ఆయనకు కంఠతా వచ్చు.

టప్పాలు ప్రయాణం

అర్జీ పెట్టాక ఏమవుతుంది? బయటివాళ్లకు ఇదొక మిస్టరీ. లోపల మాత్రం దానికి పక్కా దారి ఉంది, అదీ చాలా పాతది. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో టాటెన్‌హామ్ అనే ఐసీఎస్ అధికారి పేరు మీద స్థిరపడిన ఆఫీసు పద్ధతినే ఆంధ్ర ప్రాంతపు కార్యాలయాలు వారసత్వంగా అందుకున్నాయి. వచ్చిన కాగితం టప్పాలు. దాని మీద తేదీ ముద్ర పడుతుంది, డిస్ట్రిబ్యూషన్ రిజిస్టర్లో నంబరు పడుతుంది, సంబంధిత సీటు గుమాస్తా దాన్ని తన పర్సనల్ రిజిస్టర్లో ఎక్కించుకుంటారు. ఫైలులో రెండు భాగాలుంటాయి. బయటి నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ కరెంట్ ఫైలులో, ఆఫీసు తనలో తాను మాట్లాడుకున్న మాటలన్నీ నోట్ ఫైలులో. పని ముగిశాక ఆ కాగితాన్ని శాశ్వతంగా దాచాలో, ఏడాది తర్వాత తీసేయాలో చెప్పే గుర్తు వేసి రికార్డు గదికి పంపుతారు. పర్సనల్ రిజిస్టర్ తెరిస్తే ఏ కాగితం ఎవరి దగ్గర ఎన్ని రోజులుగా ఆగి ఉందో పై అధికారికి ఇట్టే తెలిసిపోవాలి. పద్ధతి ఉద్దేశమే అది.

ఇప్పుడు చాలా కార్యాలయాల్లో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్‌ఐసీ) తయారుచేసిన ఈ-ఆఫీస్ నడుస్తోంది. కాగితం పోయినా అలవాటు పోలేదు. కంప్యూటర్ తెర మీద కూడా నోట్ షీట్ ఆకుపచ్చ రంగులోనే ఉంటుంది. ఫైలును కింది నుంచి పైకి 'పుటప్' చేయాలి, పైనుంచి 'మాట్లాడండి' అని ఒక ముక్క రాసి తిప్పి పంపొచ్చు. తేడా ఏమిటంటే ఎవరి దగ్గర ఎన్ని గంటలు ఆగిందో ఇప్పుడు యంత్రమే లెక్క చెప్తుంది.

మరి ఇంత పద్ధతి ఉండి ఫైళ్లెందుకు ఆగుతాయి? బద్ధకం అని కొట్టిపారేయడం తేలిక. లోపల కొన్నాళ్లు కూర్చున్నవాళ్లకు కనిపించే కారణం వేరు. అది భయం. 'చేయండి' అని రాసినవాళ్లు రేపు ఆడిట్ అభ్యంతరానికి జవాబు చెప్పాలి. 'పైవారి ఆదేశాల కోసం సమర్పించడమైనది' అని రాసినవాళ్లను ఎవరూ ఏమీ అడగరు. ఉద్యోగ విరమణ నాటికి ఒక్క ఛార్జ్ మెమో తేలకుండా ఉన్నా గ్రాట్యుటీ ఆగిపోతుంది. ముప్ఫయ్యేళ్ల సర్వీసు చివర్లో అలా ఇరుక్కున్న సహోద్యోగి కథ ప్రతి ఆఫీసులోనూ ఒకటి ఉంటుంది, కొత్తగా చేరినవాళ్లకు దాన్ని చెప్పకుండా ఎవరూ ఉండరు. ఆలస్యానికి శిక్ష తక్కువ, నిర్ణయానికి ప్రమాదం ఎక్కువ. అలాంటి చోట తెలివైనవాళ్లు కూడా 'చూద్దాం' అనడమే నేర్చుకుంటారు.

భయం ఒక్కటే కాదు, ఆశ కూడా ఉంది. ఆగిన ఫైలుకు ధర పలుకుతుంది. ఏసీబీ దాడుల వార్తల్లో టౌన్ ప్లానింగ్, రెవెన్యూ విభాగాలు తరచూ కనిపించడానికి కారణం ఇదే. అందుకే తెలంగాణలో 2020 నవంబర్‌లో వచ్చిన భవన అనుమతుల విధానం టీఎస్ బీపాస్‌ను కేవలం వెబ్‌సైటుగా చూడకూడదు. 75 గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకునేవాళ్లకు అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు దాటని ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో అప్పటికప్పుడే అనుమతి వస్తుంది. అంతకన్నా పెద్దవాటికి 21 రోజుల గడువు పెట్టారు. సంతకం కోసం జనం తిరగాల్సిన దశ తగ్గి, తనిఖీ తర్వాతి దశకు మారింది. గుమాస్తా మనసు మార్చాలని ఉపన్యాసాలివ్వడం కంటే, ఆయన బల్ల మీదికి ఏ కాగితం రావాలన్నది మార్చడమే ఎక్కువ పనిచేస్తుందనడానికి ఇది ఉదాహరణ.

కౌంటరుకు ఇటువైపు

జనన మరణాల విభాగం దగ్గర ఒక పూట కూర్చుంటే చట్టానికీ జీవితానికీ ఉన్న దూరం తెలుస్తుంది. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా తెలియజేస్తే రుసుము లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి. ఆసుపత్రి వాళ్లు పుట్టుకనైతే నమోదు చేస్తారు, పేరు గడి మాత్రం ఖాళీగా ఉంటుంది. బారసాల ఎప్పుడో, జాతకం ప్రకారం ఏ అక్షరం వస్తుందో అప్పటికి ఎవరికి తెలుసు? పేరు చేర్చుకోవడానికి ఏడాది వరకు రుసుము లేదు, తర్వాత ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల దాకా అవకాశం ఉంది. ఈ సంగతి తెలియక, పిల్లవాణ్ని బడిలో చేర్చే జూన్ నెలలో తల్లులు ఒక్కసారిగా కౌంటరు మీదికి వస్తారు.

ఇక ఇంటిపేరు చిక్కు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, తండ్రి పదో తరగతి సర్టిఫికెట్లో చివర ఒక పొడి అక్షరం, ఆసుపత్రి రికార్డులో అసలు ఉండదు. 'ఈ మూడు పేర్లూ మీ ఆయనవేనా అమ్మా?' అని కౌంటరు ఉద్యోగి అడిగితే ఆ తల్లికి కోపం రావడంలో తప్పు లేదు. అలా అడగకపోతే రేపు పాస్‌పోర్టు ఆఫీసులో ఆ బిడ్డకే ఇబ్బంది. 2023లో చేసిన సవరణతో, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకు బడి ప్రవేశం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే రుజువు. ఒక అక్షరం విలువ ఇంకా పెరిగింది.

ఇలాంటి కౌంటరు ఉద్యోగుల మీద అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త మైకేల్ లిప్‌స్కీ 1980లో ఒక పుస్తకం రాశారు. చట్టం ఎక్కడో తయారైనా, జనానికి అందే ప్రభుత్వం మాత్రం టీచరు, పోలీసు, గుమాస్తా లాంటివాళ్లు రోజూ తీసుకునే చిన్న చిన్న నిర్ణయాలేనని ఆయన వాదన. మన కౌంటర్ల దగ్గర దీనికి రుజువులు వెతకక్కర్లేదు. కావలసిన పత్రాలన్నీ ఒకేసారి చెప్పి పంపే ఉద్యోగి దగ్గర పని రెండు రాకల్లో అయిపోతుంది. ఒక్కొక్కటే చెప్పే ఉద్యోగి దగ్గర అదే పనికి అయిదుసార్లు తిరగాలి. ఇద్దరూ అమలు చేస్తున్నది ఒకే జీవో.

తెల్లవారుజామున ఇంకో ఆఫీసు

పదిన్నరకు తెరుచుకునే ఆఫీసు ఒకటైతే, తెల్లవారకముందే వీధి మూలలో మొదలయ్యే ఆఫీసు మరొకటి. పారిశుద్ధ్య కార్మికుల మస్టర్ అక్కడే జరుగుతుంది. ఆంధ్రలో మేస్త్రీ, హైదరాబాద్‌లో శానిటరీ ఫీల్డ్ అసిస్టెంట్ (ఎస్‌ఎఫ్‌ఏ) హాజరు చూస్తారు, పైన శానిటరీ ఇన్‌స్పెక్టర్. చాలాచోట్ల సంతకం పోయి ముఖ గుర్తింపు హాజరు వచ్చింది. చీకట్లో, చెట్టు కింద, నెట్‌వర్క్ అందని ఫోను ముందు వరుస కట్టి నిలబడిన మహిళలను చూస్తే, ఏసీ గదిలో రూపొందిన యాప్ ఎవరి కోసమో అర్థం కాదు. చీపురు పట్టేవాళ్లలో అత్యధికులు దళితులు, వాళ్లలోనూ మహిళలే ఎక్కువ. ఆఫీసు గదుల్లో ఎవరూ నోరు తెరిచి మాట్లాడని కుల వ్యవస్థ మస్టర్ పాయింట్ దగ్గర హాజరు పట్టీలోనే కనిపిస్తుంది.

వీళ్లలో చాలామంది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులు. మున్సిపాలిటీకి పని చేస్తారు, కానీ మున్సిపల్ ఉద్యోగులు కారు. 2023 డిసెంబర్ చివరి వారంలో ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు పట్టణాల్లో చెత్త గుట్టలు పేరుకుపోయాయి. 2024 జనవరి రెండో వారంలో సమ్మె ముగిసేదాకా జనం ముక్కు మూసుకుని నడిచారు. ఆఫీసులో పది రోజులు ఫైళ్లు కదలకపోయినా ఊరికి తెలియకపోవచ్చు, చీపురు రెండు రోజులు ఆగితే తెలిసిపోతుంది.

ఫొటో పెట్టారా?

ఈ తరం ఇంటర్న్‌లు చూస్తున్న మరో మార్పు వాట్సాప్. పని చేయడం ఎంత ముఖ్యమో, చేసినట్టు ఫొటో పెట్టడమూ అంతే ముఖ్యమైపోయింది. 2016లో 73 నగరాలతో మొదలైన స్వచ్ఛ సర్వేక్షణ్ ఇప్పుడు వేల పట్టణాలకు పాకింది. ర్యాంకు రావాలంటే పత్రాలు, ఫొటోలు అప్‌లోడ్ చేయాలి. దానివల్ల ఊళ్లు కొంత శుభ్రపడ్డ మాట నిజం. ఫొటో తీసిన చోటే శుభ్రపడటమూ నిజమే.

పల్లెల్లోనూ ఇదే తీరు. తెలంగాణలో 2019లో చేరిన జూనియర్ పంచాయతీ కార్యదర్శులు నర్సరీలు, పన్ను వసూళ్లు, పారిశుద్ధ్యంతో పాటు రోజువారీ నివేదికలు యాప్‌లో పంపాలి. ఉద్యోగాల క్రమబద్ధీకరణ కోసం వాళ్లు 2023 ఏప్రిల్ చివర్లో సమ్మె చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలకు లక్షకు పైగా యువత పరీక్ష రాసి వచ్చారు. ఇంజనీరింగ్ చదివినవాళ్లు సంక్షేమ సర్వేలు చేస్తున్నారు, ఒకే గదిలో కూర్చున్న వాళ్లు వేర్వేరు శాఖలకు జవాబు చెప్తున్నారు. ఇంటర్న్‌కు వయసులో దగ్గరివాళ్లు, మనసు విప్పి మాట్లాడేవాళ్లు వీళ్లే. 'మా పని ఏమిటో మాకు పొద్దున టెలీకాన్ఫరెన్స్ అయ్యాకే తెలుస్తుంది' అనే తరహా మాటలు వాళ్ల దగ్గర మామూలే.

మరోవైపు, ఇంత పనికి డబ్బెంత? రాజ్యాంగం 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది, పన్నెండో షెడ్యూలులో 18 బాధ్యతలున్నాయి. దేశంలోని మున్సిపాలిటీలన్నింటి ఆదాయం కలిపినా స్థూల దేశీయోత్పత్తిలో ఒక శాతం దగ్గరే ఆగిపోయిందని 2022లో రిజర్వ్ బ్యాంకు నివేదిక చెప్పింది. బ్రెజిల్‌లో అది ఏడు శాతం పైమాటే. పన్నుల డిమాండ్-కలెక్షన్-బ్యాలెన్స్ (డీసీబీ) పట్టీలో బకాయిల గడి ఏటా పెరుగుతుంటుంది, సగం సీట్లకు ఇన్‌చార్జిలే ఉంటారు. ఆఫీసు సంస్కృతిని తిట్టేముందు ఈ లెక్కనూ చూడాలి.

ఇంటర్న్‌కు ఏం పని చెప్పాలి?

అసలు ఇబ్బంది ఇక్కడుంది. పంపేవాళ్లు సర్టిఫికెట్ గురించి ఆలోచిస్తారు, తీసుకునేవాళ్లు టైపింగ్ సాయం గురించి ఆలోచిస్తారు. మధ్యలో విద్యార్థి రెండు నెలలు ఎక్సెల్ షీట్లు నింపి వెళ్లిపోతారు. మహిళా ఇంటర్న్‌లకైతే ఫీల్డులో మరుగుదొడ్డి కూడా సమస్యే. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం శిక్షణలో ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది, పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండి తీరాలి. చేరిన రోజే ఆ కమిటీ సభ్యుల పేర్లు వాళ్లకు చెప్పాలి.

చేయించుకోగలిగితే పనులకు కొదవ లేదు. టర్న్‌కాక్ వెంట తిరిగి ఒక వార్డు పైపులైన్ మ్యాపు గీయించవచ్చు. జనన ధ్రువపత్రానికి ఏమేం కావాలో, ఇంటిపేరు తేడా వస్తే ఏం చేయాలో తేలిక తెలుగులో ఒక పేజీ రాయించి కౌంటరు దగ్గర అతికించవచ్చు. ఆగిన ఫైళ్లు ఏ మెట్టు దగ్గర ఆగాయో ఒక సెక్షన్ వరకైనా లెక్క తీయించవచ్చు. సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 4 ప్రకారం ఎవరూ అడగకుండానే ఆఫీసు ప్రకటించాల్సిన వివరాల్ని కొత్తగా రాయించవచ్చు. చాలా మున్సిపాలిటీల వెబ్‌సైట్లలో అవి ఏళ్ల కిందటివే ఉన్నాయి. వీటిలో దేనికీ ప్రత్యేక నిధులు అక్కర్లేదు.

విద్యార్థులకు చెప్పాల్సింది కూడా ఉంది. మున్సిపాలిటీని తక్కువ చేసి చూడకండి. మీ ఊళ్లో నీళ్లు, చెత్త, దీపాలు, ఇళ్ల ప్లాన్లు అన్నీ నడిచేది అక్కడే. కమిషనర్ ఛాంబర్లో కూర్చునే అవకాశం వస్తే మంచిదే, మస్టర్ పాయింట్‌కూ బిల్ కలెక్టర్ వెంటా వెళ్లండి. రోజూ చూసింది రాసుకోండి. కమిషనర్లకు, కాలేజీలకు విన్నపం ఒక్కటే: వెళ్లేముందు ఇంటర్న్ ఇచ్చే నివేదికను సర్టిఫికెట్‌కు జతచేసి మర్చిపోకుండా, దానికీ టప్పాలులాగే నంబరు వేయండి, ఒక సీటుకు కేటాయించండి, నెలరోజుల్లో దాని మీద ఏం చేశారో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి.